ఫుటీ కీపర్ లీగ్‌లో కుర్రాళ్లను ఎలా ఎంచుకోవాలి, ఎన్నాళ్లు ఆగాలి

మెల్‌బోర్న్‌కి పడమటి శివార్లలో, టార్నీట్, ట్రుగనీనా, పాయింట్ కుక్ వైపు ఉండే తెలుగువాళ్లలో ఫుటీ (ఆస్ట్రేలియన్ రూల్స్ ఫుట్‌బాల్) చూసేవాళ్లు ఇప్పుడు బాగానే కనిపిస్తున్నారు. సోమవారం పొద్దున ఆఫీసులో మాటలన్నీ దాని చుట్టూనే నడుస్తాయి కాబట్టి మొదట మాట కలపడం కోసం చూస్తాం. రెండు సీజన్లు గడిచేసరికి ఆట మనల్ని పట్టేసుకుంటుంది. అప్పుడు ఎవరో ఒకరు ఫాంటసీ లీగ్‌లోకి (అసలు ఆటగాళ్లతో ఊహా జట్టు కట్టి, మైదానంలో వాళ్ల ఆటకి పాయింట్లు లెక్కపెట్టే పోటీ) లాగుతారు, ఆ తర్వాత కీపర్ లీగ్‌లోకి. ఈ వ్యాసం కీపర్ లీగ్ ఆడుతున్నవాళ్ల కోసం, కొత్తగా చేరబోతున్నవాళ్ల కోసం.

మామూలు ఫాంటసీలో ఏటా జట్టును కొత్తగా కట్టుకుంటాం. కీపర్ లీగ్‌లో ఒకసారి తీసుకున్న ఆటగాడు మనం వదిలేదాకా మన దగ్గరే ఉంటాడు, ఇంకెవరికీ దొరకడు. అందుకే ఒక్క సీనియర్ మ్యాచ్ కూడా ఆడని 18 ఏళ్ల కుర్రాడికీ ఇక్కడ విలువ ఉంది. నాలుగేళ్లకు అతను ఎదిగితే ఆ తర్వాత పదేళ్లు మీవాడే. ఎదగకపోతే ఆ నాలుగేళ్లూ మీ బెంచి మీద ఒక చోటు దండగ.

ఇన్నేళ్ల ఆటలో నాకు గట్టిగా అర్థమైంది ఒకటి ఉంది. కుర్రాణ్ణి ఎంచుకోవడంలో మనమందరం ఇంచుమించు ఒకేలా తప్పుతాం, ఒకేలా నెగ్గుతాం. జీతం తీసుకుని ఏడాది పొడుగునా అదే పని చేసే క్లబ్ స్కౌట్లే పొరపాటు పడుతున్నారు. లీగ్‌లో తేడా వచ్చేది ఎంచుకున్న తర్వాత, ఎన్నాళ్లు ఉంచుకోవాలి అన్నచోట. కాబట్టి కుర్రాణ్ణి తీసుకున్న రోజే అతనికి ఎంత గడువు ఇస్తున్నారో, ఆలోగా ఏం కనిపించాలో రాసిపెట్టుకోండి. కింద చెప్పిన పనులన్నీ ఆ రెండు వాక్యాలు సరిగ్గా రాయడానికే.

ముందు మీ లీగ్ లెక్క చూసుకోండి

ఫుటీలో అన్నిటికంటే పెద్ద లీగ్ అయిన ఏఎఫ్‌ఎల్‌లో 18 క్లబ్బులు. ఒక్కో క్లబ్‌కి నలభై మందికి పైగా ఆటగాళ్లు. మొత్తం సుమారు 800 మంది. మీ లీగ్‌లో పది జట్లు, జట్టుకు 26 మంది అనుకుంటే 260 మంది మాత్రమే ఎవరో ఒకరి చేతిలో ఉంటారు. మిగతా 500 పైచిలుకు మంది బయటే ఉంటారు. అంటే పర్వాలేదనిపించే ఆటగాడు ఎప్పుడు కావాలన్నా దొరుకుతాడు. అలాంటి చిన్న లీగ్‌లో నలుగురు కుర్రాళ్లను దాచుకోవడం ఎక్కువే. అదే జట్టుకు 40 మంది ఉండే లీగ్ అయితే బయట మిగిలేవాళ్లలో పనికొచ్చేవాళ్లు తక్కువ. అక్కడ కుర్రాళ్లే ఆస్తి, ఏడెనిమిది మందిని పెట్టుకున్నా తప్పులేదు.

మీ జట్టు ఎక్కడుందో కూడా చూడండి. ఈ ఏడు కప్పు గెలిచే జట్టు ఉంటే బెంచి మీద ఆడేవాళ్లు కావాలి. కింది నుంచి రెండో స్థానంలో ఉంటే ఆ బెంచిని నారుమడి చేసుకోండి.

పాయింట్ల పద్ధతి కూడా గుర్తుంచుకోవాలి. ఏఎఫ్‌ఎల్ ఫాంటసీలో కిక్‌కి 3, హ్యాండ్‌బాల్‌కి (బంతిని పిడికిలితో కొట్టి అందించడం) 2, మార్క్‌కి (తన్నిన బంతిని నేల తాకకుండా పట్టడం) 3, టాకిల్‌కి (బంతి ఉన్నవాణ్ణి పట్టి ఆపడం) 4, గోల్‌కి 6, బిహైండ్‌కి (గోల్ తప్పి పక్క స్తంభాల మధ్య పోయిన బంతి) 1, హిట్‌ఔట్‌కి (ఆట మొదలయ్యేటప్పుడు ఎగిరి బంతిని తట్టడం) 1. ఒక మిడ్‌ఫీల్డర్ 12 కిక్‌లు, 10 హ్యాండ్‌బాల్‌లు, 5 మార్క్‌లు, 4 టాకిల్స్ చేస్తే 87 వస్తాయి. టీవీలో అతని పేరు రెండుసార్లు కూడా వినపడి ఉండదు. మూడు గోల్స్ కొట్టి మ్యాచ్ గెలిపించిన పొడుగు ఫార్వర్డ్‌కి 7 కిక్‌లు, 3 హ్యాండ్‌బాల్‌లు, 5 మార్క్‌లు, ఒక టాకిల్ ఉంటే వచ్చేది 64. మంచి ఆటగాడు వేరు, మన లీగ్‌కి పనికొచ్చే ఆటగాడు వేరు. వార్తల్లో ఎవరి పేరు మోగుతోందో చూసి పిక్ (ఎంచుకునే వంతు) వాడకండి.

పిక్ నంబర్‌ని ఎంతవరకు నమ్మాలి

క్లబ్బులు వంతులవారీగా కొత్త కుర్రాళ్లను ఎంచుకునే నేషనల్ డ్రాఫ్ట్ నవంబర్‌లో జరుగుతుంది. ఆ ఏడాది డిసెంబర్ 31 లోపు 18 నిండేవాళ్లు అర్హులు. అట్టడుగున నిలిచిన క్లబ్‌కి మొదటి పిక్. తర్వాత, మిగిలినవాళ్ల కోసం రూకీ డ్రాఫ్ట్. ఇది కాక 2019 నుంచి సీజన్ మధ్యలో ఇంకో డ్రాఫ్ట్ పెడుతున్నారు.

మొదటి పది పిక్‌లలో వచ్చినవాడికి అవకాశాలు ఎక్కువ వస్తాయి, అది నిజం. క్లబ్ అంత ఖరీదు పెట్టింది కాబట్టి ఓపిక పడుతుంది. అంతకుమించి ఆ నంబర్‌లో ఏమీ లేదు. 2004లో లాన్స్ ఫ్రాంక్లిన్‌కంటే ముందు నలుగురి పేర్లు పిలిచారు. అతను 1066 గోల్స్ కొట్టి 2023లో రిటైర్ అయ్యాడు. లాకీ నీల్ 2011లో 58వ పిక్, రెండు బ్రౌన్‌లో మెడల్స్ (ఏడాది ఉత్తమ ఆటగాడికి ఇచ్చేది) గెలిచాడు. డేన్ స్వాన్ 2001లో 58వ పిక్, 2011లో బ్రౌన్‌లో అతనిదే. జేమ్స్ హర్డ్ అయితే 1990లో 79వ పిక్. పొట్టివాడనో, నెమ్మదిగా పరిగెత్తుతాడనో, జూనియర్ ఆటలో గాయాలయ్యాయనో వెనక్కి నెట్టినవాళ్లు ఇలా ప్రతి తరంలో కనిపిస్తారు. కేలెబ్ డేనియల్ ఎత్తు 168 సెంటీమీటర్లు. 2014లో 46వ పిక్‌కి గానీ అతని పేరు పిలవలేదు. రెండేళ్లకే, 2016లో వెస్టర్న్ బుల్‌డాగ్స్ కప్పు గెలిచిన జట్టులో ఉన్నాడు.

ఇంకో చిక్కు ఉంది. తండ్రి ఆడిన క్లబ్‌కే కొడుకు వెళ్లే ఫాదర్-సన్ నిబంధన, క్లబ్బుల సొంత అకాడమీలు, ఇవి వరసను మారుస్తాయి. నిక్ డైకోస్ 2021లో నాలుగో పిక్ అని రికార్డులో ఉంటుంది. కానీ అతను కాలింగ్‌వుడ్‌కి ఫాదర్-సన్, వేరే క్లబ్ వేసిన బిడ్‌కి కాలింగ్‌వుడ్ సరితూగడంతో వచ్చిన నంబర్ అది. అకాడమీల మాట వచ్చింది కాబట్టి ఒక సంగతి చెప్పాలి. ఆదివాసీ పిల్లలనూ వలస కుటుంబాల పిల్లలనూ ఆటలోకి తేవడానికి 2016లో నెక్స్ట్ జనరేషన్ అకాడమీలు మొదలుపెట్టారు. మా వీధి పిల్లలు శనివారం పొద్దున ఆస్‌కిక్‌కి (చిన్నపిల్లల ఫుటీ శిక్షణ) వెళ్తుంటే, పసుపు రంగు చిన్న బంతిని చంకలో పెట్టుకుని పరిగెత్తుతుంటే, ఏదో ఒక నవంబర్‌లో ఒక తెలుగింటి పేరు ఆ వేదిక మీద వినపడుతుందని నాకు గట్టి ఆశ.

పుట్టినరోజు చూడడం మర్చిపోకండి. ఒకే డ్రాఫ్ట్‌లో జనవరిలో పుట్టినవాడూ డిసెంబర్‌లో పుట్టినవాడూ ఉంటారు. ఆ వయసులో పదకొండు నెలలంటే చిన్న తేడా కాదు, ఒళ్లంతా మారిపోతుంది. జూనియర్ అంకెలు ఇద్దరివీ సమానంగా ఉంటే నేను డిసెంబర్ కుర్రాణ్ణే తీసుకుంటాను.

ఆడే చోటును బట్టి గడువు పెట్టండి

అందరూ తప్పేది ఇక్కడే. పెరట్లో అరటి పిలక నాటితే ఏడాది తిరిగేసరికి గెల వేస్తుంది. మామిడి టెంక పాతితే కాపుకి ఏళ్లు పడుతుంది. రెండో ఏడు కాయలు లేవని మామిడి మొక్కను ఎవరూ పీకరు. మన లీగుల్లో మాత్రం ఏటా పీకుతారు.

హాఫ్‌బ్యాక్‌లో, అంటే వెనక రక్షణ వరసలో, ఆడే కుర్రాళ్లు అరటి లాంటివాళ్లు. అక్కడ బంతి ఖాళీగా దొరుకుతుంది, ముందుకు చూస్తూ ఆడొచ్చు, పెద్ద ఒళ్లు అక్కర్లేదు. హ్యారీ షీజెల్ జూనియర్‌గా ఫార్వర్డ్ ఆడేవాడు. 2022లో మూడో పిక్‌గా తీసుకున్న నార్త్ మెల్‌బోర్న్ అతన్ని హాఫ్‌బ్యాక్‌లో పెట్టింది. 2023లో తొలి మ్యాచ్‌లోనే 34 సార్లు బంతి అందుకున్నాడు, ఆ ఏడాది రైజింగ్ స్టార్ (ఉత్తమ కుర్రాడి అవార్డు) అతనే. అంతకుముందు ఏడు డైకోస్ కూడా ఎక్కువగా హాఫ్‌బ్యాక్‌లో ఆడుతూనే ఆ అవార్డు తెచ్చుకున్నాడు. ఇలాంటివాళ్లకు రెండు సీజన్ల గడువు చాలు. రెండో ఏడు చివరికి కూడా జట్టులో చోటు దొరకకపోతే వదిలేయొచ్చు.

మిడ్‌ఫీల్డర్లకు మూడేళ్లు ఇవ్వండి. మొదటి ఏడు చాలామందిని కోచ్‌లు మైదానం అంచున వింగ్‌లోనో, గోల్ పక్కన ఫార్వర్డ్ పాకెట్‌లోనో ఆడిస్తారు. అక్కడ పాయింట్లు రావు. ఆ అంకెలు చూసి కంగారు పడొద్దు.

చిన్న ఫార్వర్డ్‌లు తొందరగా జట్టులోకి వస్తారు. కానీ బంతి వాళ్లదాకా రావడం జట్టు మీద ఆధారపడి ఉంటుంది, ఒక వారం 90, తర్వాతి వారం 25. నేను వీళ్ల మీద పిక్‌లు పెద్దగా ఖర్చు చేయను.

ఇక రక్‌లు. ఆట మళ్లీ మొదలయ్యే ప్రతిసారీ ఎగిరి బంతిని తట్టేవాళ్లు, జట్టులో అందరికంటే పొడుగువాళ్లు. అసలైన మామిడి టెంకలు వీళ్లే. 18 ఏళ్లకు ఎత్తు వస్తుంది, ఒళ్లు రాదు. అవతల 105 కిలోల మనిషి భుజంతో ఒక్క తోపు తోస్తే నిలబడలేరు. మ్యాక్స్ గాన్‌ని మెల్‌బోర్న్ 2009లో 34వ పిక్‌తో తీసుకుంది. మోకాలికి ఆపరేషన్లు, మధ్యలో పోయిన సీజన్లు, అన్నీ దాటుకుని అతను మొదటిసారి ఆల్-ఆస్ట్రేలియన్ జట్టులోకి (ఏటా ప్రకటించే ఉత్తమ ఆటగాళ్ల జట్టు) వచ్చింది 2016లో. 2021లో కప్పు ఎత్తిన కెప్టెన్ అతనే. టిమ్ ఇంగ్లిష్ 2016లో 19వ పిక్, ఆల్-ఆస్ట్రేలియన్ అయింది 2023లో. ఇద్దరికీ ఏడేళ్లే. డీన్ కాక్స్, ఆరన్ శాండిలాండ్స్ ఇద్దరూ రూకీ జాబితా నుంచి వచ్చి ఒక తరాన్ని ఏలారు. కాబట్టి రక్‌కి కనీసం నాలుగేళ్లు రాసుకోండి. అంత ఓపిక లేదనుకుంటే అసలు తీసుకోకండి. 22 ఏళ్లు వచ్చాక, వేరే వాడు వదిలేసినప్పుడు ఎత్తుకోండి.

నేను చేసిన తప్పు కూడా ఇదే. ఒక పొడుగు కుర్రాణ్ణి చివరి రౌండ్‌లో తీసుకున్నాను. మొదటి ఏడు రిజర్వ్స్‌లో (క్లబ్ రెండో జట్టు) ఆడాడు, రెండో ఏడు వెన్ను నొప్పితో సగం మ్యాచ్‌లు పోయాయి. ఆ అక్టోబర్‌లో మా లీగ్‌లో నేను మూడో స్థానంలో ఉన్నాను, ఒక డిఫెండర్ కావాల్సి వచ్చింది, ఇతన్ని వదిలేశాను. మా స్నేహితుడొకడు మర్నాడే తీసుకున్నాడు. నాలుగో సీజన్‌లో క్లబ్ పెద్ద రక్ గాయపడ్డాడు, ఆ కుర్రాడు లోపలికొచ్చాడు, మళ్లీ బయటికి పోలేదు. ఆ డిఫెండర్ ఎవరో ఇప్పుడు ఆలోచిస్తే గానీ గుర్తురాదు. నాకు అప్పటికి రక్‌ల సంగతి తెలియక కాదు. తెలిసినదాన్ని ఎక్కడా రాసుకోలేదు, అవసరం మీద పడ్డప్పుడు అది గుర్తుకు రాలేదు.

ఫుల్ ఫార్వర్డ్, ఫుల్ బ్యాక్‌లో ఆడే పొడుగువాళ్లకీ ఇంచుమించు అంతే సమయం పడుతుంది. జెరెమీ మెక్‌గవర్న్ రూకీగా వెస్ట్ కోస్ట్‌లో చేరాక 2014 దాకా సీనియర్ మ్యాచ్ ఆడలేదు. 2018 గ్రాండ్ ఫైనల్ చివరి నిమిషాల్లో అతను పట్టిన మార్క్ నుంచే ఆ కప్పు గెలిపించిన గోల్ మొదలైంది.

క్లబ్‌లో చోటు ఉందో లేదో చూడండి

కుర్రాడి ప్రతిభ ఎంతున్నా అతని ముందు ఎంతమంది వరసలో ఉన్నారన్నది చూడాలి. క్లబ్ జాబితా తెరిచి అతను ఆడే చోట ఇంకెవరు ఉన్నారో, వాళ్ల వయసులేంటో ఒక కాగితం మీద రాయండి. ముందున్నవాడికి 31 ఏళ్లుంటే మంచిది. 24 ఏళ్లుండి, ఆరేళ్ల కాంట్రాక్టు ఉంటే, మీ కుర్రాడు క్లబ్ మారేదాకా ఎదురుచూడాల్సిందే. రక్‌ల విషయంలో ఇది మరీ ముఖ్యం. మిడ్‌ఫీల్డ్‌లో అరడజను మందికి చోటుంటుంది, రక్ మాత్రం ఒక్కడే ఆడతాడు.

కొన్ని క్లబ్బులు కుర్రాళ్లను నిదానంగా, ఒద్దికగా తయారు చేస్తాయి. జీలాంగ్‌నే చూడండి. 2016లో 40వ పిక్‌తో, అప్పటికే 23 ఏళ్లున్న టామ్ స్టీవర్ట్‌ని తీసుకుంటే దేశంలోని గొప్ప డిఫెండర్లలో ఒకడయ్యాడు. 2021 రూకీ డ్రాఫ్ట్‌లో తీసుకున్న ఆలీ డెంప్సీ మూడో సీజన్‌లో, 2024లో, రైజింగ్ స్టార్ గెలిచాడు. ఇద్దరు కుర్రాళ్లు ఒకేలా కనిపిస్తే ఇలాంటి క్లబ్‌లో ఉన్నవాణ్ణి తీసుకోండి.

తొందరపెట్టడం వల్ల ఏమవుతుందో కూడా ఈ ఆట చూసింది. 2008లో మొదటి పిక్‌గా వచ్చిన జాక్ వాట్స్‌ని ఇంకా పన్నెండో తరగతి చదువుతుండగానే 2009లో క్వీన్స్ బర్త్‌డే మ్యాచ్‌లో, అంత పెద్ద జనం ముందు దించారు. బంతి అందగానే ప్రత్యర్థులు మూగిపడ్డారు. ఆ నంబర్ బరువు అతన్ని ఏళ్ల తరబడి వదల్లేదు. ఆ పిల్లవాడి తప్పు అందులో ఏముంది?

కళ్లతో చూడండి

స్కోర్‌కార్డు చూసి కుర్రాణ్ణి అంచనా వేయలేం. అదృష్టం కొద్దీ మెల్‌బోర్న్‌లో ఉన్నవాళ్లకు చూసే అవకాశం దగ్గర్లోనే ఉంది. 18 ఏళ్ల లోపు వాళ్ల కోసం కోట్స్ టాలెంట్ లీగ్ ఉంది. మన వైపు పిల్లలు వెస్టర్న్ జెట్స్‌కి ఆడతారు. రాష్ట్రాల మధ్య అండర్-18 ఛాంపియన్‌షిప్స్ ఉన్నాయి. డ్రాఫ్ట్ అయిన కుర్రాళ్లు రిజర్వ్స్‌గా, ఏఎఫ్‌ఎల్ కింది స్థాయి లీగ్ అయిన వీఎఫ్‌ఎల్‌లో ఆడతారు. వెస్ట్ కోస్ట్, ఫ్రీమాంటిల్ కుర్రాళ్లయితే పెర్త్‌లో, అక్కడి రాష్ట్ర లీగ్ డబ్ల్యూఏఎఫ్‌ఎల్‌లో ఉంటారు. టార్నీట్ నుంచి పావుగంట కారు ప్రయాణంలో వెరిబీ మైదానం ఉంది. పెద్ద క్లబ్బుల రిజర్వ్స్ అక్కడికే వచ్చి ఆడి వెళ్తాయి.

ఒక జూన్ శనివారం అక్కడ చూసిన మ్యాచ్ చెప్తాను. పక్క నుంచి కోసే గాలి, చేతిలో ఫ్లాస్కు టీ. వచ్చిన జట్టులో ఒక 19 ఏళ్ల పొడుగు ఫార్వర్డ్ ఉన్నాడు. మొదటి క్వార్టర్‌లో ఒక్క మార్క్ పట్టలేదు. రెండో క్వార్టర్‌లో రెండుసార్లు చేతిదాకా వచ్చిన బంతి జారిపోయింది. ఫోన్‌లో అంకెలు చూస్తే ఆ రోజు అతని ఆట దండగే. కానీ బంతి కింద పడ్డాక అతను ఏం చేస్తున్నాడో నేను చూస్తూ ఉన్నాను. రెండోసారి జారినప్పుడు డిఫెండర్ బంతి తీసుకుని బౌండరీ వెంట పరుగు అందుకున్నాడు. ఈ కుర్రాడు పడ్డవాడు లేచి, దాదాపు నలభై మీటర్లు వెంటపడి, వెనక నుంచి నడుం పట్టుకుని కింద పడేశాడు. వెంటనే లేచి మళ్లీ ఎదురు పరుగెత్తి బంతి అడిగాడు. మూడోసారి పట్టాడు. గోల్ కొట్టలేకపోయాడు, బంతి పక్కకి పోయింది. నాలుగోసారి కూడా అదే చోటు నుంచి, అదే వేగంతో పరుగు మొదలుపెట్టాడు. మరుసటి వారం అతన్ని తీసుకున్నాను.

పొడుగువాళ్లలో చూడాల్సింది ఇదే: బంతి చేజారాక రెండో ప్రయత్నం. రక్‌లో అయితే తట్టిన తర్వాత నిలబడిపోతాడా, బంతి వెంట వెళ్తాడా చూడండి. మిడ్‌ఫీల్డర్‌లో మోకాలి కింద వచ్చిన బంతిని ఒక్కసారికే అందుకుంటాడా, అందుకునే ముందు చుట్టూ ఓ చూపు చూస్తాడా చూడండి. హాఫ్‌బ్యాక్‌లో తోటివాళ్లు కష్టంలో ఉన్నప్పుడు బంతి ఎవరికి ఇవ్వాలని చూస్తున్నారో గమనించండి. జట్టు నమ్మినవాడికే బంతి ఇస్తుంది.

మైదానానికి వెళ్లలేనివాళ్లు, హైదరాబాద్‌లోనో డల్లస్‌లోనో కూర్చుని ఆడేవాళ్లు, వీడియోలో కనీసం ఒక పూర్తి క్వార్టర్ చూడండి. హైలైట్స్ చూసి ఎవరినీ తీసుకోవద్దు. వాటిలో జారిన బంతులు కనిపించవు.

నోట్‌బుక్‌లో నాలుగు వాక్యాలు

డ్రాఫ్ట్ అయిన రాత్రే రాయండి, మర్నాటికి వాయిదా వేయకండి. నా పుస్తకంలో ఆ వెరిబీ కుర్రాడి పేజీ ఇలా ఉంది: "ఎందుకు తీసుకున్నాను: రెండో ప్రయత్నం, కాలి వేగం. గడువు: నాలుగో సీజన్ చివర. మధ్యలో కనిపించాల్సింది: రెండో ఏడు రిజర్వ్స్‌లో చోటు స్థిరం కావాలి, మూడో ఏడు కనీసం ఐదు సీనియర్ మ్యాచ్‌లు. ముందే వదలాల్సిన పరిస్థితి: క్లబ్ ఇంకో పొడుగు ఫార్వర్డ్‌ని పెద్ద కాంట్రాక్టుతో తెచ్చుకుంటే."

నాలుగో వాక్యం చాలామంది రాయరు. ఓపికకి కూడా ఒక హద్దు ఉండాలి, ఆ హద్దు మనసు స్థిమితంగా ఉన్నప్పుడే గీసుకోవాలి. ఓడిపోయిన ఆదివారం రాత్రి గీస్తే అది కోపంతో గీసిన గీత అవుతుంది.

సీజన్ నడుస్తుండగా చూడాల్సిన అంకెలు

పాయింట్ల కంటే ముందు రెండు అంకెలు చూడండి. ఒకటి, మైదానంలో ఎంత శాతం సమయం ఉన్నాడు. రెండు, సెంటర్‌లో ఆట మొదలైన ఎన్నిసార్లు అతను అక్కడున్నాడు. నిబంధన ప్రకారం ఆ సమయానికి సెంటర్ స్క్వేర్‌లో (మైదానం మధ్య గీసిన చతురస్రం) జట్టుకు నలుగురే ఉండాలి. అందులో ఒకడు రక్. మిగతా మూడు చోట్లలో మీ కుర్రాడికి వాటా పెరుగుతోందంటే కోచ్‌కి నమ్మకం కుదిరిందని అర్థం. పాయింట్లు ఆ తర్వాత వస్తాయి. కొన్ని వారాలు ఆలస్యంగా వస్తాయి కాబట్టే మీకు లాభం, ఎందుకంటే మీ లీగ్‌లో మిగతావాళ్లు పాయింట్లే చూస్తున్నారు.

సామ్ ఫ్లాండర్స్ 2019లో 11వ పిక్‌గా గోల్డ్ కోస్ట్‌కి వెళ్లాడు. మొదటి మూడేళ్లు సీనియర్ జట్టులోకి వస్తూ పోతూ, ఎక్కువగా ఫార్వర్డ్‌లో ఆడాడు. ఆ చోట అతని ఆటకి పాయింట్లు రావు. 2023లో చోటు మారాక బంతి చేతినిండా దొరకడం మొదలైంది, ఫాంటసీలో పెద్ద పేరయ్యాడు. కుర్రాడు అదే కుర్రాడు, మారింది నిలబడే చోటు.

ఫిబ్రవరి ప్రాక్టీస్ మ్యాచ్‌లను మాత్రం తూకం వేసి చూడండి. సగం మంది పెద్దవాళ్లు విశ్రాంతిలో ఉంటారు. అప్పుడు వంద కొట్టిన కుర్రాడి కోసం లీగ్‌లో అందరికీ టెన్షన్ మొదలవుతుంది. మీ దగ్గర అలాంటివాడు ఉండి, అతని మీద మీకే పూర్తి నమ్మకం లేకపోతే, ఇచ్చి పుచ్చుకోవడానికి అదే మంచి సమయం.

గాయాల విషయంలో నాది కాస్త వేరే అభిప్రాయం. మోకాలి లిగమెంట్ తెగితే దాదాపు ఏడాది పోతుంది. చాలామంది ఆ వారమే వదిలేస్తారు. 19 ఏళ్లవాడికి ఒక ఏడాది పోతే పోయేది పెద్దగా ఏమీ లేదు, అప్పటికి 20 వస్తాయి, అంతే. గడువును ఒక ఏడాది పొడిగించి రాసుకోండి. అదే తొడ కండరం మాటిమాటికీ పట్టేస్తూ, ఏడాదికి నాలుగుసార్లు మూడేసి వారాలు కూర్చోబెడుతుంటే, నాకు అదే ఎక్కువ భయం.

పక్కదారిలో వచ్చేవాళ్లు

బాస్కెట్‌బాల్ నుంచీ, ఐర్లాండ్ గేలిక్ ఫుట్‌బాల్ నుంచీ వచ్చేవాళ్లు ఉన్నారు. మేసన్ కాక్స్ అమెరికాలో బాస్కెట్‌బాల్ ఆడిన 211 సెంటీమీటర్ల మనిషి. 2014లో కాలింగ్‌వుడ్‌లో చేరి, 2016 ఆన్‌జాక్ డే నాడు తొలి మ్యాచ్ ఆడాడు, 2023లో కప్పు గెలిచాడు. డబ్లిన్ నుంచి వచ్చిన జిమ్ స్టైన్స్ 1991లో బ్రౌన్‌లోనే గెలిచాడు. కథలు గొప్పవి, నాకు ప్రాణం. లీగ్‌లో మాత్రం ఇలాంటివాళ్లకు ఒక్క చోటు మించి ఇవ్వొద్దు.

దానికంటే చవకగా దొరికేది వయసొచ్చాక వచ్చేవాళ్లు. వీళ్లు అప్పటికే పెద్దవాళ్లతో ఆడి ఉంటారు, ఒళ్లు తయారై ఉంటుంది, గడువు ఒక్క ఏడాది చాలు. టిమ్ కెల్లీ 2017లో 24వ పిక్‌గా వచ్చేసరికి 23 ఏళ్లవాడు, మొదటి సీజన్ నుంచే జీలాంగ్ మిడ్‌ఫీల్డ్‌లో ముఖ్యుడయ్యాడు. మార్లియన్ పికెట్‌ని రిచ్‌మండ్ 2019 సీజన్ మధ్యలో తీసుకుంది. అతని తొలి ఏఎఫ్‌ఎల్ మ్యాచే ఆ ఏడాది గ్రాండ్ ఫైనల్, కప్పు వాళ్లదే. మన వెరిబీ మైదానంలో ఆడిన షాన్ మానాగ్‌ని 26 ఏళ్ల వయసులో, 2023లో, జీలాంగ్ 36వ పిక్‌తో తీసుకుంది. లీగ్‌లో మిగతావాళ్లు 18 ఏళ్లవాళ్ల వెంట పడుతుంటారు, వీళ్లు చివరి రౌండ్లలో మిగిలిపోతారు.

వదిలేసే రోజు

అక్టోబర్‌లో క్లబ్బుల ట్రేడ్‌లు (ఆటగాళ్ల ఇచ్చిపుచ్చుకోవడం) అయిపోయేదాకా ఎవరినీ వదలకండి. మీ కుర్రాడి ముందున్న పెద్దాయన వేరే క్లబ్‌కి వెళ్లిపోవచ్చు, రిటైర్ కావచ్చు. ట్రేడ్‌లు ముగిశాక నోట్‌బుక్ తీసి ఒక్కొక్కరి పేజీ చదవండి. గడువు దాటి, రాసుకున్నది కనిపించకపోతే వదిలేయండి, ఎంత ఇష్టమైనా సరే. గడువు ఇంకా ఉంటే, ఆ పేజీలోని నాలుగో వాక్యం నిజమైతే తప్ప, ఉంచండి. ఎవరైనా ఇస్తామన్న ట్రేడ్ నచ్చితే రెండు రోజులు ఆగి, పేజీ ఇంకోసారి చదివి, అప్పుడు ఒప్పుకోండి. ఖాళీ అయిన చోట్లు లెక్కపెట్టుకుని నవంబర్ డ్రాఫ్ట్ చూడడానికి కూర్చోండి. పుట్టినరోజులు, ఆడే చోట్లు, వెళ్లిన క్లబ్‌లో ముందున్నవాళ్ల వయసులు, ఈ మూడూ ఆ రాత్రే రాసుకుంటే ఫిబ్రవరిలో మీ లీగ్ డ్రాఫ్ట్‌కి పని సగం అయిపోయినట్టే.

ఆ వెరిబీ కుర్రాడికి ఇది మూడో ఏడు. సీనియర్ మ్యాచ్‌లు ఇప్పటికి మూడయ్యాయి, ఐదు కావాలని రాసుకున్నాను. పోయిన వారం మళ్లీ రిజర్వ్స్‌కి పంపారు. మా స్నేహితుడు అతని కోసం ఒక మంచి మిడ్‌ఫీల్డర్‌ని ఇస్తానని మెసేజ్ పెట్టాడు. గడువు వచ్చే ఏడు చివరిదాకా ఉంది. శనివారం మ్యాచ్ రెండు గంటలకి, ఫ్లాస్కు కడిగి పెట్టాను.